పెట్టెల్లో కూర్చున్నవాళ్లు సరే, కట్ట పోసినవాళ్లేరీ?

చిరంజీవికి,

నీ కథ రాత్రి చదివాను. మూడో పేజీలో ఆపేసి లేచి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది. 1853 ఏప్రిల్ 16న నీ కథానాయకుడు వీరయ్య బొంబాయి విక్టోరియా టెర్మినస్ స్టేషన్ గడియారం కింద నిలబడి మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు చూశాడా? ఆ భవనం పని మొదలైందే 1878లో! రైలు కదిలింది బోరీబందర్ నుంచి.

అది దిద్దుకోవచ్చులే. నాకు ఒళ్లు మండింది ఇంకోచోట. 14 పెట్టెలు, 400 మంది అతిథులు, 21 తుపాకుల వందనం, సాహిబ్, సింధ్, సుల్తాన్ అనే ఇంజన్లు, అన్నీ పూసగుచ్చినట్టు రాశావు. ఠాణే దాకా పట్టాల కింద 34 కిలోమీటర్ల మట్టికట్ట ఎవరు పోశారో ఒక్క ముక్క లేదు.

దక్షిణాదిలో రైలు కట్టలు పోసినవాళ్లలో మన వడ్డెరలు ఎందరో. ఇంటిల్లిపాదీ పనిలోకి దిగేవారు. మగవాళ్లు గడ్డపార పడితే ఆడవాళ్లు తట్టలెత్తేవారు. కూలి తవ్విన మట్టి కొలతను బట్టి. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత మధ్యలో ఓ మట్టి దిమ్మె వదిలేవారు. దాని నెత్తిన గుట్టుగా ఇంకో బెత్తెడు మట్టి పెడితే కొలత పెరుగుతుంది, కూలీ పెరుగుతుంది. మేస్త్రీ కనిపెడితే? కథ అక్కడుందయ్యా, దొరల టోపీల్లో లేదు.

నా గోడు కూడా విను. కుర్రతనంలో భోర్ ఘాట్ మీద, అంటే బొంబాయి-పుణె దారిలో కొండలెక్కే రైలుమార్గం మీద, కథ రాశాను. 1859లో కాంట్రాక్టరు సోలమన్ ట్రెడ్వెల్ వచ్చిన కొద్ది వారాలకే చనిపోతే, భార్య ఆలిస్ కాంట్రాక్టు నెత్తినేసుకుని పని పూర్తి చేయించింది. నేను రాసింది ఆవిడ కింద రాళ్లు కొట్టినవాళ్ల గురించి. ఓ వారపత్రిక సంపాదకుడు కూలీలందరినీ కథలోంచి కొట్టేసి, ఆవిడకో ప్రియుణ్ణి పెట్టమన్నాడు. పైగా కొసమెరుపు కావాలట! పెట్టలేదు. అది ఇంకా నా ట్రంకుపెట్టెలోనే ఉంది. చెదలు ఒక మూల తిన్నాయి.

వాన కోసం వీరయ్య తల్లి ఆకాశం చూసే వాక్యం బాగుంది. పోటీకి పంపాలా, పుస్తకం వేయాలా అన్నావు, ఆ సంగతి తర్వాత.

అసలు నువ్వు రాజమండ్రిలో కూర్చుని బొంబాయి దాకా పోవడమెందుకు? కాటన్ దొర ఆనకట్టకి రాళ్లు మోయడానికి ధవళేశ్వరంలో 1840ల్లోనే పట్టాలు పడ్డాయి. సైకిలేసుకుని వెళ్లి ఆ రాళ్లు తీసిన కొండ చూసి రా. వీరయ్యని అక్కడ దింపు, చేతికి సమ్మెట ఇవ్వు. ఆ గడియారం మాత్రం ఇవాళే కొట్టెయ్.

ఆశీస్సులతో,
మీ మాస్టారు