అడ్వాన్సు తీసుకుని నాట్లు ఆపేశారు, చీటింగ్ కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. సాగర్ ఎడమ కాల్వ కింద పన్నెండెకరాల వరి. నాట్లకు బీహార్ ముఠాను ఎకరానికి 4,500 చొప్పున మాట్లాడుకుని, మేస్త్రీకి 20,000 అడ్వాన్సు ఇచ్చాను. ఐదెకరాలు వేశాక పని ఆపేశారు. వెయ్యి పెంచితేనే మళ్లో దిగుతామంటున్నారు. ఊళ్లో మిగతా ముఠాలూ అంతే. ఎవరూ పెంచొద్దని రైతులం కూడా అనుకున్నాం. అడ్వాన్సు ఎగ్గొట్టి పోతారేమోనని వాళ్ల ఆధార్ కార్డులు, ఫోన్లు మావాళ్లు తీసిపెట్టారు. చీటింగ్ కేసు పెట్టొచ్చా?
– ఒక రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు ఆ కార్డులు, ఫోన్లు ఈ రోజే ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. మిగతాదంతా తర్వాత.

ఇక మీ లెక్క చూద్దాం. ఐదెకరాలకు ఎకరానికి 4,500 అంటే 22,500. మీరిచ్చింది 20,000. అంటే అడ్వాన్సు ఎప్పుడో చెల్లిపోయింది, పైగా మీరే వాళ్లకు 2,500 బాకీ ఉన్నారు. ఎగ్గొట్టడమన్న మాటే ఇక్కడ లేదు. చీటింగ్ అనాలంటే డబ్బు తీసుకున్న రోజే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. ఐదెకరాలు నాటినవాళ్ల మీద ఆ కేసు నిలబడదు.

ఒకవేళ అడ్వాన్సు మిగిలే ఉన్నా అది సివిల్ బాకీయే. అడ్వాన్సు తీసుకుని పని మానేసిన కూలీని జైలుకు పంపే చట్టం బ్రిటిష్ వాళ్లు 1859లో తెచ్చారు, దాన్ని 1925లోనే రద్దు చేశారు. రేటు చాలదని కలిసి పని ఆపడం నేరం కాదు. అయితే పనికి వచ్చే వేరే కూలీలను బలవంతంగా అడ్డుకున్నా, నారుమడి పాడుచేసినా అది వేరే సంగతి, అప్పుడు మీరు ఫిర్యాదు చేయొచ్చు. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

కేసు భయం నిజానికి మీకే ఉంది. అడ్వాన్సు పేరు చెప్పి మనిషిని కదలనీయకుండా పని చేయించుకోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది. మూడేళ్ల దాకా జైలు. పైగా అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాళ్లే. మనుషులను షెడ్డు దాటనీయకపోతే భారతీయ న్యాయ సంహిత కింద అక్రమ నిర్బంధం కేసు అదనం. కార్డులు తీసింది మీరు కాకపోయినా, మీ అడ్వాన్సు కోసమే తీశారు కాబట్టి మీ పేరూ వస్తుంది.

రేటు పెంచొద్దని రైతులు అనుకోవడం వరకు నేరం కాదు. కానీ పెంచిన రైతును బెదిరించినా, ముఠాను ఊరు దాటనీయకపోయినా నేరమే.

కనీస వేతనం సంగతీ చూసుకోండి. గుత్త రేటైనా, ముఠాలో ఎంతమంది, ఎన్ని రోజులు చేశారో లెక్కేస్తే తలా రోజుకు పడే కూలి ప్రభుత్వం పెట్టిన కనీస వేతనానికి తగ్గకూడదు. అంతకన్నా తక్కువకు పని చేయించుకోవడం వెట్టితో సమానమని సుప్రీంకోర్టు 1982లో, ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం తగ్గిన కూలి కోసం వాళ్లు మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయొచ్చు, తగ్గిన మొత్తానికి పది రెట్ల దాకా పరిహారం పడొచ్చు. ఈ ఏడాది రేటెంతో లేబర్ ఆఫీసులో అడిగి రాయించుకోండి.

నాట్లు ఆగితే మీకెంత టెన్షనో తెలుసు. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి, కాల్వ నీళ్లు మన కోసం ఆగవు. అందుకే సెక్షన్లు పక్కన పెట్టి నా అభిప్రాయం చెబుతాను. మిగిలిన ఏడెకరాలకు ఎకరాకు 500 పెంచినా అయ్యేది 3,500. ముదురు నారు వేస్తే పోయే దిగుబడి దీనికన్నా ఎక్కువే. పాలమూరు నుంచి ముంబై, పుణెకు వలసపోయిన మనవాళ్ల కార్డులు అక్కడెవరో గుంజుకుంటే మనం ఊరుకుంటామా? వీళ్లూ అలాంటి వాళ్లే.

హిందీ వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని కూర్చోండి. మేస్త్రీ ఒక్కడితోనే కాదు, కూలీలందరి ముందు మాట్లాడండి. అతనికి ఇచ్చిన డబ్బు వాళ్లకు చేరకపోతే మళ్లీ మిమ్మల్నే అడుగుతారు. నాటిన ఎకరాలు, ఇచ్చినది, ఇవ్వాల్సినది, కొత్త రేటు కాగితం మీద రాసి రెండు కాపీలు తీయండి, ఒకటి వాళ్లకివ్వండి. కుదరక వెళ్లిపోతామంటే ఆ 2,500 రెండు పనిదినాల్లో ఇచ్చి పంపండి. వాళ్లు ఆర్డీవో దగ్గరికో లేబర్ ఆఫీసుకో పోతామంటే అడ్డుపడకండి, అదే కాగితం పట్టుకుని మీరూ వెళ్లండి.