కిస్మిస్‌తో వైద్యమా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అమ్మాయి, డిప్రెషన్ మళ్లీ రాకుండా ఉండేందుకు ఎనిమిది వారాల క్లాసులో చేరింది. మొదటిరోజు చేతిలో ఒక కిస్మిస్ పెట్టి చూస్తూ కూర్చోమన్నారట! ఇది బౌద్ధ ధ్యానమట. మతంలోకి లాగుతారేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: కంగారుపడకండమ్మా. ఆ కిస్మిస్ మానసిక చికిత్స చేసే మా వృత్తిలో బాగా పేరున్నదే. జాన్ కబాట్-జిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1979లో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, దీర్ఘకాలం నొప్పులతో బాధపడేవాళ్ల కోసం మైండ్‌ఫుల్‌నెస్ అనే ఈ పద్ధతి మొదలుపెట్టారు. ధ్యానం బౌద్ధుల దగ్గర నేర్చుకున్నదే, మతాన్ని మాత్రం పక్కన పెట్టారు. తర్వాత సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే మానసిక శాస్త్రవేత్తలు దానికి కాగ్నిటివ్ థెరపీని (ఆలోచనల తీరు మీద పనిచేసే చికిత్సను) జోడించి, డిప్రెషన్ తిరగబెట్టకుండా వాడారు. మీ అమ్మాయిది అదే అయ్యుంటుంది.

కిస్మిస్ ముడతలు చూడాలి, వాసన చూడాలి, నాలుక మీద పెట్టుకుని వెంటనే నమలకూడదు. ఈలోపు మనసు ఎటో పోతుంది. పోయిందని గమనించి వెనక్కి తేవడమే సాధన. ‘నేనెందుకూ పనికిరాను’ అనిపించినప్పుడూ అంతే. నమ్మేయకుండా, ఒక ఆలోచన వచ్చిందని చూడటం. దీక్షలూ దండాలూ ఉండవు. శీలాన్ని, అంటే నీతి నియమాలను వదిలేసి ధ్యానాన్ని మాత్రం పట్టుకుపోయారని బౌద్ధుల్లోనే కొందరికి కోపం. అందులో న్యాయముందనే నాకూ అనిపిస్తుంది.

మందులు వాడుతుంటే డాక్టర్ని అడక్కుండా మానొద్దని చెప్పండి. కళ్లు మూసుకుంటే పాత భయాలు ముంచుకొస్తున్నాయంటే, ఆ విషయం క్లాసు నడిపేవాళ్లకు వెంటనే చెప్పమనండి.