చందమామ, బినాకా బొమ్మలు, కాముని కట్టెలు

"చిన్నప్పటి బొమ్మల పుస్తకాలు, ఫ్రీగా వచ్చిన వస్తువులు, పండుగ మంటలు... వీటిలో మీరు మరచిపోలేనిది ఏది?" అని అడిగారు. నాకు ఈ మూడూ విడివిడిగా గుర్తుకు రావు. మా వాడకట్టులో ఒకటి లేకుంటే ఇంకోటి లేదు.

మాది పరకాల దగ్గర ఊరు. 1980 ప్రాంతం. పండుగ మంట అనగానే చాలామంది భోగి అనుకుంటారు. మా వైపు పిల్లలకు మంటంటే కాముడే. ఫాల్గుణ పున్నమి రాత్రి కాముణ్ణి కాలుస్తారు, తెల్లారితే హోలీ. శివుడు మూడో కన్ను తెరిచి మన్మథుణ్ణి బూడిద చేసిన కథ పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. మా ధ్యాసంతా కట్టెల మీదే.

పది రోజుల ముందు నుంచే జాజిరి. ఏడుగురం కోలలు కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగి పాడేవాళ్లం. వడ్లు, మక్కలు, బియ్యం, ఎవరికి తోచింది వాళ్లు పెట్టేవాళ్లు. పది పైసలు వేసేవాళ్లు, పావలా వేసే ఇల్లు ఒకటో రెండో. గింజలన్నీ కిరాణా కొట్టులో అమ్మి, ఆ డబ్బులో కొంత కుడుకలకూ (ఎండుకొబ్బరి చిప్పలు) చక్కెరకూ తీసి, మిగిలింది చందమామకు దాచేవాళ్లం. వరంగల్‌లో పనిచేసే మా చిన్నాయన నెలకోసారి ఊరికి వచ్చేటప్పుడు కొనుక్కొచ్చేవాడు. జాజిరి పైసలు ఎన్ని నెలలకు సరిపోతే అన్ని నెలలు చందమామ.

పుస్తకం ఒకటే, చదివేవాళ్లం ఏడుగురం. మరి ముందు ఎవరు చదవాలి? దానికో కట్టుబాటు ఉండేది. కాముడికి అందరికంటే పెద్ద మొద్దు తెచ్చినవాడిదే మొదటి వంతు, ఆ ఏడాదంతా. మొదట చదివినవాడు సీరియల్‌లో ఏమైందో చెప్పనని ఒట్టు పెట్టాలి. ఒట్టు పెట్టినా ఆగేవాళ్లు కాదు, బడికి పోయే దారిలోనే సగం కథ బయటపడేది. అందుకే మొదటి వంతంటే అంత పోటీ. బేతాళ కథలకు శంకర్ గారు వేసిన బొమ్మ మీకూ గుర్తుండే ఉంటుంది. చేతిలో కత్తి, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం. ఆ బొమ్మను నేను కథకంటే ఎక్కువసేపు చూసేవాణ్ణి. ఆ రాత్రి చింతచెట్టు కింద నుంచి ఒక్కణ్ణే నడవాలంటే కాళ్లు వచ్చేవి కావు.

వంతు ముందుకు జరగడానికి ఇంకో దారి బినాకా బొమ్మ. బినాకా టూత్‌పేస్ట్ డబ్బాలో చిన్న ప్లాస్టిక్ జంతువు ఫ్రీగా వచ్చేది. మా ఇళ్లలో వేప పుల్లే, లేదంటే బొగ్గుపొడి. పేస్టు వాడేది పంతులు గారి ఇల్లొక్కటే. వాళ్లబ్బాయి ఒక బొమ్మ ఇస్తే చాలు, రెండు వంతులు దాటేసేవాడు. ఆ బొమ్మ అంత మెరిసేది మరి, వంతు ఇవ్వకుండా ఎవరుంటారు? నా దగ్గర బొమ్మ లేదు, ఉన్నది మొద్దు దారే.

కాముడికి కట్టెలు ఎత్తుకొచ్చినా ఎవరూ తప్పు పట్టరు, అది ఆచారమే. పిడకలు, విరిగిన నాగలి ముక్కలు, దడిలో గుంజలు, అన్నీ మాయమయ్యేవి. ఒక ఏడాది నేను వెనక వీధి అవ్వ ఇంటి దగ్గర గోడకు ఆనించిన పాత తలుపు చెక్క చూశాను. టేకుది, నా కంటే పొడుగు. చీకట్లో ఈడ్చుకొచ్చి కుప్ప మీద పడేశాను. మంట ఇంటి కప్పులంత ఎత్తు లేచింది. అందరూ నా పేరు పెట్టి అరిచారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

తెల్లారి కాముని బూడిద బొట్టు పెట్టుకుని, మోదుగు పూలు మరిగించిన రంగు నీళ్లు పోసుకుంటుంటే అవ్వ వచ్చింది. "బిడ్డా, మ్యాకల దొడ్డికి అడ్డం పెట్టే చెక్క ఎవరన్న జూసిండ్రా? రాత్రంత దొడ్డికాడనే కూసున్న, నక్కలొస్తయని" అంది. తిట్టలేదు. మా వాళ్లెవరూ నన్ను చూపించలేదు. నేనే మా అమ్మకు చెప్పాను. "పోయి ఆమెకు చెప్పు, నాకు గాదు" అంది అమ్మ.

చెప్పాను. అవ్వ కాసేపు నన్ను చూసి, "చెక్క బోయింది గని, ఇంత తుమ్మ కంప కొట్టుకరా" అంది. రెండు సాయంత్రాలు కంప కొట్టి దొడ్డికి అడ్డం కట్టాను. చేతులంతా ముళ్లే. ఆ నెల చందమామ వచ్చినప్పుడు మొదటి వంతు నాదే, కానీ చేతులు రాలేదు. మాలో అందరికంటే చిన్నది, అప్పుడప్పుడే గుణింతాలు కూడబలుక్కుంటున్న పిల్ల ఒకతి ఉండేది, దానికిచ్చాను. ఆ పిల్ల దగ్గర పుస్తకం పన్నెండు రోజులుంది. మిగతావాళ్లు నా మీద మండిపడ్డారు.

ఫ్రీగా వచ్చినవాటిలో ఏది గుర్తుందంటారా? రెండో సాయంత్రం కంప కట్టడం అయ్యాక అవ్వ తన మనవడి మెడలోని కుడుకల దండలోంచి ఒక కుడుక తెంపి, దాని నిండా చక్కెర పోసి నా చేతిలో పెట్టింది. దొడ్డి దగ్గరే నిలబడి తిన్నాను.