పెర్చ్‌కు ఏ ఎర? ముందు గుంపును చూడండి, తర్వాత ఎరను

ఈగల తెల్లటి పిల్ల పురుగులతో గాలం వేస్తుంటే, పెర్చ్ అనే మంచినీటి వేట చేపల్లో అరచేయంతవే పడుతున్నాయని, పెద్దవాటికి ఏ ఎర వాడాలని అడిగారు. ఈ చేప వెంట నేను చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను. మొదట్లో నేనూ సరిగ్గా ఇక్కడే ఆగిపోయాను.

పెర్చ్ చిన్నతనంలో నీటిలో తేలే సూక్ష్మజీవులను తింటుంది. కాస్త ఎదిగాక నీటి పురుగులు, ఆ తర్వాత చేపపిల్లలు దాని ఆహారం. సొంత జాతి పిల్లలను కూడా వదలదు. పైగా ఇంచుమించు ఒకే పరిమాణం ఉన్నవి గుంపు కట్టి తిరుగుతాయి. కాబట్టి వరుసగా చిన్నవే పడుతున్నాయంటే తప్పంతా ఎరది కాదు, మీరు పిల్లల గుంపు మీద గాలం వేస్తున్నారు. పది నిమిషాల్లో నాలుగు చిన్నవి పడితే నేను లేచి మరో చోటికి వెళ్లిపోతాను.

ఎక్కడికి అంటారా? పెర్చ్ చూపు మీద ఆధారపడి వేటాడే చేప, ప్రధానంగా పగలే తింటుంది. ఒంటి మీది నిలువు చారలు నాచు కాడల మధ్య దాన్ని దాచేస్తాయి. అందుకే నాచు అంచులు, రేవు గుంజల నీడ, మునిగిన చెట్టు కొమ్మలు, లోతు ఒక్కసారిగా పెరిగే చోట్లు చూడండి. తెల్లవారాక మొదటి గంట, పొద్దు వాలే వేళ నాకు ఎక్కువగా కలిసివచ్చాయి. చిన్న చేపలు చిల్లర విసిరినట్టు ఒక్కసారిగా నీటి పైకి ఎగిరాయంటే కింద వేట సాగుతోందని అర్థం. వెంటనే అక్కడ వేయండి.

ఇక ఎర సంగతి. ఒక్కటే ఎంచుకోమంటే పెద్ద వానపామునే ఎంచుకుంటాను. ఈగ పురుగులను ప్రతి చిన్న చేపా నోట పెట్టుకుంటుంది, వేలెడంత లావు వానపామును మింగడానికి అది కాస్త వెనకాడుతుంది. 6 లేదా 8వ నంబరు కొక్కేనికి తల దగ్గర ఒక్కసారే గుచ్చి, మిగతా ఒళ్లంతా మెలికలు తిరిగేలా వదిలేయండి. ముద్దలా చుట్టి గుచ్చితే ఆ కదలికే పోతుంది. రెండు మూడు వానపాములను ముక్కలుగా తరిగి, కొన్ని నిమిషాలకొకసారి చిటికెడు చొప్పున అదే చోట వేస్తూ ఉండండి. ఒకేసారి గుప్పెడు చల్లితే చేపలు కడుపు నింపుకొని వెళ్లిపోతాయి.

చేప ఎరను అందుకున్న క్షణంలో ఏం చేయాలన్నది ఎర ఎంపిక కన్నా ముఖ్యమని నా అనుభవం. బెండు రెండుసార్లు వణుకుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, ఆపై పక్కకు జారుతూ మునుగుతుంది. ఆ జారడం మొదలవగానే కర్ర ఎత్తాలి. పదివరకు లెక్కపెట్టమని ఎవరో చెబితే ఒక ఉదయం అలాగే ఆగాను. మంచి చేప, కానీ కొక్కెం గొంతు లోపలికి దిగిపోయింది. తీసేలోపు మొప్పల నుంచి రక్తం కారింది, నీటిలో వదిలినా వెల్లకిలా తేలింది. ఆ చేపను నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కేసి వాడుతున్నాను, పొడవాటి పట్టకారు జేబులోనే ఉంటుంది.

కృత్రిమ ఎరలు వాడాలనుకుంటే 5 నుంచి 8 సెంటీమీటర్ల మెత్తటి రబ్బరు చేప, 3 నుంచి 5 గ్రాముల సీసపు తల ఉన్న కొక్కెం చాలు. అడుగుకు దించి, మెల్లగా ఎత్తి, మళ్లీ పడనివ్వండి. చాలాసార్లు పడేటప్పుడే అందుకుంటుంది, కనుక దారం మీదే కళ్లుంచండి. నీరు తేటగా ఉంటే చేపపిల్ల రంగులు, మసకగా ఉంటే మెరిసే రంగులు. పెర్చ్ తరచూ మీ కాళ్ల దాకా వెంబడించి వెనుదిరుగుతుంది. అలా కనబడితే లాగడం ఆపి, ఎరను ఉన్నచోటే వణికించండి. ఈ పనికి డ్రాప్ షాట్ పద్ధతి బాగుంటుంది: బరువును దారం చివర కట్టి, కొక్కేన్ని దానికి ఓ జానెడు పైన కడతారు. చలికాలంలో చేపలు లోతుకు దిగి మందకొడిగా ఉంటాయి, అప్పుడు మీ చేయి కూడా అంతే నెమ్మదించాలి.

దీని మూతి చర్మం పలుచన, గట్టిగా లాగితే చిరిగి జారిపోతుంది. రీలు బిగింపు కాస్త వదులుగా ఉంచండి. ఆ నీటిలో పైక్ అనే పదునైన పళ్ల పెద్ద వేట చేపలు కూడా ఉంటే కొక్కేనికి పైన సన్నని ఉక్కు తీగ తప్పనిసరి, లేదంటే అవి దారం తెంపుకొని కొక్కెంతోనే వెళ్లిపోతాయి.

చేప పిల్లను బతికుండగా ఎరగా గుచ్చడం చాలా చోట్ల నిషేధం, ముందు అక్కడి నిబంధనలు చూసుకోండి. ఒక చెరువు చేపను మరో చెరువుకు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకండి, రోగాలు కూడా దానితో వెళ్తాయి. పట్టి వదిలేసేవారైతే పది మీటర్లకు మించిన లోతులో వేయవద్దు. పైకి లాగేసరికి దాని గాలితిత్తి ఉబ్బిపోతుంది, పెర్చ్ ఆ గాలిని నోటి ద్వారా వదులుకోలేదు. పట్టుకునేటప్పుడు చేయి తడుపుకొని, వీపు ముళ్లను తల వైపు నుంచి తోక వైపు నిమిరి అణచండి. మొప్ప మూత అంచున కూడా పదునైన ముల్లుంది, దాని జోలికి వేలు పోనివ్వకండి.

మీరు వేసే చోట లోతు ఎంతో, నీరు తేటగా ఉంటుందో లేదో రాయండి. ఆ రెండూ తెలిస్తే బెండు ఎంత ఎత్తున కట్టాలో కూడా చెప్పగలను.