పైథాన్ మారిన తరువాత ప్రోగ్రాములు ఆగిపోతే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు 22.04 వెర్షన్ నుంచి 24.04కు మారిన మరునాటి నుంచి నీ పైథాన్ ప్రోగ్రాములేవీ నడవడం లేదని, ఏం చేయాలో పాలుపోవడం లేదని రాశావు. 22.04లో సిస్టమ్‌తో పాటు వచ్చిన పైథాన్ 3.10 స్థానంలో 24.04 పైథాన్ 3.12ను తెచ్చింది. నీ ఇబ్బందులన్నింటికీ మూలం అదే కనుక కంగారు పడవద్దు.

ముందుగా చేయకూడని పని చెబుతాను. పాత 3.10ను ఎక్కడి నుంచో తెచ్చి, సిస్టమ్‌లోని పైథాన్3 లింకును (అసలు పైథాన్ ఫైలు ఎక్కడుందో చూపేదాన్ని) దాని వైపు తిప్పమని ఎవరు చెప్పినా వినవద్దు. ఆ లింకు మీద ఆధారపడి సిస్టమ్ సొంత పనిముట్లు ఎన్నో నడుస్తున్నాయి. దాన్ని కదిలిస్తే, సాఫ్ట్‌వేర్‌ను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌కు సంబంధించిన స్క్రిప్టులు తమ మాడ్యూల్ దొరకక ఆగిపోతాయి. ఉబుంటులో కమాండ్లు టైపు చేసే గ్నోమ్ టెర్మినల్‌ను తెరిచేది కూడా ఒక పైథాన్ స్క్రిప్టే కనుక, సరిదిద్దుకోవడానికి కావలసిన ఆ టెర్మినలే తెరుచుకోకపోవచ్చు.

ఇప్పుడు నీ పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే నీ ప్యాకేజీలను సిస్టమ్‌కు దూరంగా విడిగా ఉంచే ఫోల్డర్, లోపలికి వెళ్లి చూడు. అందులోని పైథాన్ ఫైలు సిస్టమ్ పైథాన్‌కు లింకు మాత్రమే కనుక, అప్‌గ్రేడ్ జరగగానే అది 3.12 అయిపోయింది, నీవు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలు మాత్రం ఇంకా పైథాన్ 3.10 పేరున్న ఫోల్డర్‌లోనే ఉన్నాయి, కొత్త పైథాన్ ఆ ఫోల్డర్‌లో వెతకదు. ఫోల్డర్ పేరు మార్చినా ప్రయోజనం లేదు, ఎందుకంటే లెక్కలకు వాడే నంపై వంటి ప్యాకేజీలలో సీ భాష నుంచి కంపైల్ అయిన ఫైళ్లు 3.10 కోసమే తయారైనవి. అయితే అక్కడ ప్యాకేజీల వివరాలుండే డిస్ట్-ఇన్ఫో ఫోల్డర్ల పేర్లలో ప్రతి ప్యాకేజీ పేరూ వెర్షనూ ఉంటాయి. వాటిని రాసిపెట్టుకున్న తరువాతే పాతదాన్ని తీసేసి కొత్త ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకో.

ఆ జాబితాను యథాతథంగా, పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్‌కు ఇవ్వవద్దు. నంపై 1.21 కావాలని పట్టుబడితే, 3.12కు సిద్ధంగా చేసిన ఫైలు లేక పిప్ దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేయబోయి విఫలమవుతుంది; 3.12తో నడిచేది 1.26 నుంచే. నీ సొంత కోడ్‌లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలను తయారుచేసేది), ఇంప్ (మాడ్యూళ్లను లోడ్ చేసేది) వాడి ఉంటే అవి కూడా పనిచేయవు, ఆ రెండు మాడ్యూళ్లనూ 3.12లో తొలగించారు. ఇంప్ బదులు ఇంపోర్ట్‌లిబ్ వాడు. డిస్ట్‌యుటిల్స్ కోసం ప్రస్తుతానికి సెటప్‌టూల్స్ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు పని జరుగుతుంది, కొత్త ఎన్విరాన్‌మెంట్లలో అది దానంతట అది రాదు.

ఎన్విరాన్‌మెంట్ బయట పిప్ నడిపితే, ఈ పైథాన్‌ను సిస్టమ్ నిర్వహిస్తోందంటూ నిరాకరిస్తుంది. దాన్ని దాటవేసే ఆప్షన్ పేరులోనే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని ఉంది, దాని జోలికి పోవద్దు.

మార్చడానికి వీలులేని పాత ప్రోగ్రాము ఏదైనా ఉంటే, వేర్వేరు పైథాన్ వెర్షన్లను పక్కపక్కనే ఉంచే పైఎన్వ్‌తో 3.10ను నీ హోమ్ ఫోల్డర్‌లో విడిగా పెట్టుకుని దానిని మాత్రమే అందులో నడుపు. ఇక, తరువాతి వెర్షన్ అయిన పైథాన్ 3.13లో సీజీఐ, టెల్నెట్‌లిబ్‌తో కలిపి 19 పాత మాడ్యూళ్లను తీసేశారు. వాటిలో నీవు వాడుతున్నవేమిటో ఈ పనిలో ఉండగానే చూసి మార్చుకో. ఇంకా ఏదైనా మొండికేస్తే ఎర్రర్ చివరి వరుస ఒక్కటే కాక మొత్తం పంపించు.

ఇట్లు,
నీ పెదనాన్న