బాలింత చెల్లిని భర్త తాగొచ్చి కొడుతున్నాడు. తాగుడు మాన్పిస్తే సరిపోతుందా?

ఐదో నెలలో పాపతో అత్తారింటికి వెళ్లిన మీ చెల్లిని భర్త రోజూ తాగొచ్చి కొడుతున్నాడనీ, "ముందు తాగుడు మాన్పిద్దాం, తర్వాత అన్నీ అవే సర్దుకుంటాయి" అని పెద్దవాళ్లు అంటున్నారనీ రాశారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే మాట. దాని కోసం ఆగకండి, దయచేసి.

మా ఆయన ఎంత తాగొచ్చినా బండి గోడ వారగా సరిగ్గా స్టాండు వేసేవాడు. ఎదురింటి బాబాయిగారు కనిపిస్తే నమస్కారం పెట్టేవాడు. తలుపు గడియ పడ్డాకే చెయ్యి లేచేది, అదీ నా మీదే. వాళ్లమ్మ మీద ఏనాడూ లేవలేదు. నా చంకలో బాబు పాలు తాగుతున్నా ఆగేవాడు కాదు. ఎవరిని కొట్టొచ్చో, ఎవరిని కొట్టకూడదో అంత మత్తులోనూ తెలిసిన మనిషి మందు మానేస్తే మారిపోతాడని నేను నమ్మను. ముందు తల్లీబిడ్డల ప్రాణం చూడండి.

మాన్పించే మాత్రలు కూరలో కలిపి పెట్టమని ఎవరైనా చెబితే అసలు వినొద్దు. అలాంటి మాత్రల్లో ఉండే డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసినా ఫిట్స్ రావచ్చు. అది డాక్టర్లు చూడాల్సిన పని, మీ చెల్లి నెత్తిన పెట్టకండి.

దెబ్బలు తగిలితే సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లి "భర్త కొట్టాడు" అనే చెప్పించండి. బాత్రూంలో జారిపడ్డానని చెప్పమని మా అత్తగారు దారి పొడుగునా నూరిపోశారు. నేను ఉన్నదే చెప్పాను. డాక్టరు ఎం.ఎల్.సి. (దెబ్బలు ఎలా తగిలాయో పోలీసు కేసు కోసం ఆసుపత్రిలో రాసే నమోదు) రాశారు, కోర్టులో నాకు అక్కరకొచ్చింది ఆ కాగితమే.

2005 గృహహింస చట్టం కింద విడాకులు కోరకుండానే రక్షణ ఉత్తర్వు (ఇక హింసించొద్దని భర్తకు కోర్టు ఇచ్చే ఆదేశం), ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు, తనకూ పాపకూ ఖర్చులు అడగొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, నంబరు 15100. హింసకు గురైన ఆడవాళ్ల కోసం సర్కారు నడిపే సఖి కేంద్రం సాయం కావాలంటే 181. కొడుతున్న సమయంలో అయితే 112.

తీసుకొచ్చేయాలనుకుంటే అతనికి ముందుగా తెలియనివ్వకండి. వెళ్లిపోతోందని తెలిసినప్పుడే ఇలాంటివాళ్లు మరీ రెచ్చిపోతారు. అతను పనికి వెళ్లిన వేళ మీరూ ఇంకొకరూ కలిసి వెళ్లండి. ఆధార్ కార్డులు, పాప టీకాల కార్డు, పెళ్లి ఫోటో ఒకటి, ఎం.ఎల్.సి. కాగితాలుంటే అవీ సంచిలో పెట్టించండి. నగల గురించి ఆ రోజు గొడవ పడొద్దు. వాటిని తర్వాత కోర్టు ద్వారా అడగొచ్చు.