స్వప్నా, ముందు నూనె సంగతి చూడు

స్వప్నా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు బెంగళూరు ఉద్యోగం మానేశావట, హిందూపురంలో షెడ్డు అద్దెకు చూస్తున్నావట, హోటళ్లలో వాడేసిన నూనెతో బయోడీజిల్ చేస్తానంటున్నావట. "నువ్వైనా చెప్పన్నా, నా మాట వినడం లేదు" అన్నాడు. వాడికి సరేనన్నాను గానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల సొంతంగా ఇంధనం తయారు చేస్తానంటే ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. భయం కూడా వేసింది. ఆ భయం ఎందుకో నీకు తెలియదు, 2006లో నువ్వు రెండో తరగతి.

నీ ఆలోచన తప్పు కాదు. పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతానికి వచ్చేసింది, డీజిల్‌లో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలన్న లక్ష్యం మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంది. నీ సరుకుకు అవసరం ఉంది. జీఎస్టీ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, ఫైర్ వాళ్ల ఎన్‌ఓసీ, నూనెను బయోడీజిల్‌గా మార్చడానికి కలిపే మెథనాల్ నిల్వకు లైసెన్సు, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. బయోడీజిల్ నాణ్యతకు పెట్టిన ఐఎస్ 15607 ప్రమాణం ప్రకారం ల్యాబులో పరీక్ష చేయించకుండా ఒక్క డ్రమ్ము కూడా బయటికి పంపకు.

ఇక నా భయానికి కారణమైన అడవి ఆముదం సంగతి. జట్రోఫా అంటారే, గింజల నూనెతో బయోడీజిల్ చేస్తారే, అదే.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ ఒక లెక్క వేసింది. దేశంలో కోటీ 12 లక్షల హెక్టార్లలో ఈ చెట్టు వేస్తే 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం మనమే కలుపుకోవచ్చని. పేపర్ల నిండా అదే. అనంతపురం రైతుకు అంతకన్నా తియ్యటి మాట ఏముంటుంది చెప్పు? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడిన ఏడు పడినట్టు, చెనక్కాయ వేస్తే విత్తనం డబ్బులు కూడా తిరిగిరాని రోజులు. ఒక కంపెనీ మనిషి వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు అక్కర్లేదు, మేకలు ముట్టవు, నలభై యాభై ఏళ్లు బతుకుతుంది, ఎకరాకు రెండు టన్నుల గింజ అన్నాడు. కాసిన గింజంతా మేమే కొంటామని అగ్రిమెంటు కాగితం చేతిలో పెట్టాడు. ఆరెకరాల్లో చెనక్కాయ ఆపేసి ఆ మొక్కలు నాటించాను.

నీళ్లు లేకపోయినా చెట్టు చావలేదు, అతను అబద్ధం చెప్పలేదు. కానీ చావకుండా ఉండడం వేరు, కాయడం వేరు, అది నేను అడగలేదు. మూడో ఏడు కాయలొచ్చాయి. ఒకే గుత్తిలో ఒకటి పచ్చిది, ఒకటి పసుపు, ఒకటి ఎండి నల్లబడింది. కొమ్మ దులిపితే కుదరదు, ఒక్కొక్కటీ చేత్తో ఏరాలి, వారం తర్వాత మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. నలుగురు కూలీలు పొద్దున్నుంచి ఏరితే సాయంత్రానికి ఒక గోనె సంచి సగం కూడా నిండలేదు. ఆ గింజ అమ్మితే వాళ్ల కూలి కూడా రాదు. కొమ్మ విరిగినప్పుడు కారే పాలు చొక్కా మీద పడితే ఎంత ఉతికినా మరక పోదు. అలాంటి చొక్కాలు నాకు మూడు మిగిలాయి. నాలుగో ఏడు కంపెనీ ఆఫీసుకు వెళ్తే తాళం వేసి ఉంది.

నా డబ్బు పోవడం ఒక్కటే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పక్క చేను ఓబన్న తాత గుర్తున్నాడా, నీకు సీతాఫలాలు తెచ్చిచ్చేవాడు? ఆయనకున్నది మూడెకరాలే. "నువ్వు చదువుకున్నోడివి నాయనా, నువ్వేస్తే నేనూ వేస్తా" అన్నాడు. ఆ అగ్రిమెంటు కాగితం ఆయన ముందు కూర్చుని చదివి వినిపించింది నేనే. చెట్లు పెరికించాక మళ్లీ చెనక్కాయ వేయడానికి అప్పు పుట్టలేదు, కొడుకు బెంగళూరులో కట్టడం పనికి పోయాడు. తాత నన్ను ఒక్క మాట అనలేదు. దారిలో ఎదురైతే "బాగున్నావా నాయనా" అనే అడిగేవాడు, పోయేదాకా అలాగే అడిగాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అందుకే చెప్తున్నా, కోప్పడి మరీ చెప్తున్నా. నీ యూనిట్లో చుట్టాల డబ్బు, ఊళ్లో వాళ్ల డబ్బు ఒక్క రూపాయి పెట్టనివ్వకు. మీ అత్త గాజులు కుదువపెట్టి ఇస్తానందట. వద్దను. నువ్వు అనలేకపోతే నేను అంటాను.

ఇంకో కోపం కూడా ఉంది. మీ నాన్నకు రియాక్టరు, అదే బయోడీజిల్ తయారుచేసే మిషను, ఫోటోలు నాలుగు పంపావట. నూనె ఇచ్చే హోటళ్లు ఎన్ని, నెలకు ఎన్ని లీటర్లు అని అడిగితే "చూడాలి నాన్నా" అన్నావట. ఏం చూడాలమ్మా? నేనూ అంతే చేశాను, గింజ సంగతి వదిలేసి నూనె లెక్కలు వేశాను. మళ్లీ మళ్లీ కాచితే నూనెలో చేరే చెడు, పోలార్ పదార్థాలంటారు, అవి 25 శాతం దాటిన నూనె వంటకు వాడకూడదని 2018 నుంచి రూలు ఉంది, రోజుకు 50 లీటర్ల పైన వాడే హోటళ్లు లెక్క రాసిపెట్టాలని 2019లో చెప్పారు. రూలు ఉంది కదా అని నూనె నీ షెడ్డుకు నడిచి రాదు. హోటల్ వెనక గుమ్మం దగ్గర నల్లనూనె నగదు ఇచ్చి కొనుక్కుని, తోపుడు బండ్ల వాళ్లకు అమ్మేవాళ్లు ఉన్నారు. వాళ్లకంటే ముందు నువ్వు వెళ్లాలి, చెప్పిన రోజుకే వెళ్లాలి, డబ్బు అక్కడికక్కడే ఇవ్వాలి. మిషను ఆర్డరు పెట్టకముందు మూడు నెలలు నూనె మాత్రమే పోగుచెయ్యి. కదిరి, హిందూపురం, పెనుకొండ, నువ్వే తిరుగు. వచ్చిన ప్రతి డబ్బాలోంచి గరిటెడు తీసి వేడి చెయ్యి, చిటపటలాడితే నీళ్లున్నట్టే. నీళ్లున్నా, ఆమ్లం రెండు శాతం దాటినా, నీకు డీజిల్ బదులు సబ్బు తయారవుతుంది.

పాత ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలో పవర్‌గూడ అని గోండుల ఊరు. అక్కడి ఆడవాళ్లు కానుగ నూనె పని పెట్టుకుని 2003లో గాలిలోకి పోకుండా తగ్గించిన 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కను కార్బన్ క్రెడిట్‌గా ప్రపంచ బ్యాంకుకు అమ్మారు, 645 డాలర్లు వచ్చాయి. ఆ వార్త నేను అప్పట్లోనే చదివాను, చదివి కూడా దానిలోంచి ఏమీ నేర్చుకోలేదు. వాళ్ల చుట్టూ కానుగ చెట్లు ముందే ఉన్నాయి, గింజ చేతికి వచ్చాకే గానుగ పెట్టారు.

షెడ్డు చుట్టుపక్కల వాళ్లతో ముందే మాట్లాడు. 2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కితే పనులు ఆగాయి. బయోడీజిల్ కడిగిన నీళ్లు కాలవలోకి వదలకు.

మెథనాల్ అంటే నాకు చాలా భయం. పగటి వెలుతురులో దాని మంట కంటికి సరిగా కనపడదు, చెయ్యి కాలేదాకా తెలియదు. 65 డిగ్రీలకే మరుగుతుంది, నువ్వు నూనెను 60 దగ్గర ఉంచుతావు, తేడా ఎంతో చూడు. ఎవరైనా సారా అనుకుని తాగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది, ఆ గది తాళం నీ దగ్గరే ఉండాలి. రాత్రిపూట ఒక్కదానివే షెడ్డులో ఉండకు. ఉండాల్సి వస్తే నాకు ఫోన్ చెయ్యి, బస్సెక్కి వచ్చేస్తాను, నాకేం పనుంది ఇక్కడ.

ఆదివారం రా. హోటళ్ల జాబితా తీసుకురా, ఫోటోలు వద్దు. పెద్దమ్మ పండగ వడలకు వాడిన నూనె వడగట్టి ఐదు లీటర్ల డబ్బాలో పోసిపెట్టింది, పిల్లకివ్వాలి అని. పొద్దున ఒక గరిటెడు తీసి స్టవ్ మీద పెట్టి చూశాను. చిటపటలాడలేదు.

మీ పెద్దనాయన